పనిముట్ల పెట్టె పూర్వగాథ

1936వ సంవత్సరమున, స్వీడను దేశమునకు చెందిన గోట్లాండు ద్వీపములో, నీరు తీసివేసి సాగులోనికి తెచ్చిన యొక చిత్తడినేలను దున్నుచుండగా, నాగటి కఱ్ఱునకు ఇనుపగొలుసొకటి తగిలినది. దాని జాడను త్రవ్వగా ఓకు మ్రానితో చేసిన పెట్టె యొకటి బయల్పడినది. పురావస్తుశాస్త్రజ్ఞులు మాస్టర్‌మీర్ పెట్టె యని వ్యవహరించు ఆ మందసము వైకింగుల కాలమునకు, అనగా సుమారు వేయి యేండ్ల పూర్వమునకు, చెందినది. ఇంచుమించు మూడడుగుల పొడవుగల ఆ పెట్టెయందును దాని చుట్టుపట్లను దొరకిన వస్తువులు రెండువందలకు మించినవి: గొడ్డళ్లు, బాడిసలు, రంపములు, బరమాలు, ఆకురాళ్లు, సుత్తులు, పట్టకారులు, తాళములు, తుదకు వంటపాత్రలు సైతము. కమ్మరమును వడ్రంగమును రెండింటిని ఎఱిగిన పనివాని సర్వస్వ మది. అందలి ప్రతి వస్తువును అతడు తన చేతికి అనువుగా తానే ఎన్నుకొనియుండును. కొన్నింటిని తానే కాచి కొట్టుకొనియు నుండును. ఈనాడు తన యింటి గరాజునకు పనిముట్లు కొనదలచి అంగడికి పోవు గృహస్థుడు తానును అట్లే ఎన్నుకొనుచున్నానని భావించును గాని, యథార్థమునకు అతని పక్షమున ఆ యెన్నిక ఎన్నడో జరిగిపోయినది. ఎన్నిక చేసినది అతడు కాడు, అతని కారు. ఈ మార్పు ఎట్లు సంభవించెనో చెప్పుటయే ఇచ్చటి ప్రయత్నము.

మన పల్లెలలోని వడ్రంగికి పెట్టె యొక్క అవసరము అంతగా లేకపోయెను. అతని పని తన యింటి ముంగిట నుండు చెట్టు క్రిందనో, రైతు కళ్లములోనో, క్రొత్తగా లేచుచున్న యింటి కడనో జరుగునది గనుక, బాడిస, ఉలులు, చిత్రిక, రంపము, బరమా, మూలమట్టము – ఇవన్నియు ఒక గోనెసంచిలో ఇమిడి భుజముపై నుండెడివి. ఉలి మొన కమ్మరి కొలిమిలో పుట్టినది. దాని పిడిని వడ్రంగి తానే చేసికొనెను. కమ్మరి సుత్తికి పిడి తఱిగియిచ్చినవాడును ఆ వడ్రంగియే. కళ్లములో కొలిచిన మేరగింజలు ఇరువురకును జీతము. పనిముట్టు విఱిగినచో అంగడికి పోవలసిన పని లేదు, కొలిమి కడకు నడచిన చాలును. ఇట్టి ఏర్పాటునందు పనిముట్టు ఏ కొలత నుండవలెనను ప్రశ్నయే పుట్టదు. పట్టినవాని పిడికిలి దానికి కొలత. దసరా నవరాత్రులలో ఒకనాడు ఆ సంచిని గుమ్మరించి, పనిముట్లను కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, ఆనాడు వానిని పనికి ముట్టకుండుట నేటికిని మన షెడ్డులలో జరుగుచున్న ఆచారమే.

ఐరోపాలో, ముఖ్యముగా ఇంగ్లండులో, పని కఱ్ఱపనివాని కర్మాగారములోనికి చేరి, నేర్చినవాడు ఒక యజమానినుండి మఱియొక యజమాని కడకు పోవునపుడు తన పనిముట్లను తానే తీసికొనిపోవలసి వచ్చుటచే, పెట్టెకు ప్రాధాన్యము కలిగినది. ఆనాటి పెట్టెలలో ఆశ్చర్యకరమైన భద్రతతో నిలిచియున్నది కెంటు మండలములోని చాథం పట్టణపు బెంజమిన్ సీటను పెట్టె. అతని తండ్రి 1796లో లండనులోని క్రిస్టఫర్ గాబ్రియేలు అను వర్తకుని వద్ద కుమారునికై ఒక నిండు పనిముట్ల సమూహమును కొనెను. కుమారుడు మఱుసటి సంవత్సరమున వానికి తగిన పెట్టెను తన చేతులతో చేసి, ఏ పనిముట్టు ఎంత వెలకు వచ్చినదో ఒక పట్టిక వ్రాసి అందుంచెను. పెట్టెయు పట్టికయు రెండును దక్కినవి. పనిముట్లలో అనేకములు ఎక్కువగా వాడబడకయే మిగిలినవి. ఇప్పుడు రాచెస్టరు నగరపు గిల్డ్‌హాల్ వస్తుప్రదర్శనశాలలో వానిని చూడవచ్చును. కుమారుడు తన జీవితమున ఎంత పని చేసెనో గాని, ఆతని పనిముట్ల కొఱకు చరిత్రకారులు మాత్రము ఋణపడియున్నారు: అరిగిపోని చిత్రికలు అరుదైనవి, వెలలతోకూడి దొరకినవి మఱింత అరుదైనవి.

ఆ కాలపు కఱ్ఱపనివారి పెట్టె పైకి చూచుటకు నల్లనో బూడిదరంగుననో పూసిన సాదా దేవదారు పలకల పెట్టె. అది బండిపై ఎక్కి దిగవలసినది, కాళ్లు తగులునది, అప్పుడప్పుడు కూర్చొనుటకు పీటయైనది; అందుచే పైని అలంకారము లేదు. మూత తెఱచినచో దృశ్యము వేఱు: మహాగని పలకలు, పొదుగుడు పని, ఇరుప్రక్కలనున్న అంచుపట్టీలపై ముందునకు వెనుకకు జరుగు మూడు సొరుగులు. అడుగున పెద్ద చిత్రికలు, మూతకు లోపలివైపున రంపములు, సొరుగులలో ఉలులు, బరమా మొనలు. సొరుగులు జరుగునవి గనుక ఏ వస్తువునకైనను ఒకదానిపై నొకటి ఎత్తి తీయవలసిన పని లేదు. ఈ సొరుగుల పద్ధతి చిన్న విషయముగ తోచును గాని, నా అభిప్రాయమున పనిముట్ల పెట్టె చరిత్రలో ఇంతకంటె తెలివైన కల్పన మఱియొకటి లేదు. ముందు పనిముట్లు, తరువాత వాని ఆకృతిని బట్టి పెట్టె అను క్రమము ఇందు స్పష్టము. ఈనాటి వర్తకులు ఈ క్రమమును తలక్రిందులు చేసిరి.

ఈ కళ పరాకాష్ఠ నందుకొన్నది అమెరికాలో, మసాచుసెట్సు రాష్ట్రపు క్విన్సీ పట్టణములో. ఆర్గనులను పియానోలను నిర్మించు హెన్రీ స్టడ్లీ (1838–1925) తన పనిముట్లకై మహాగనితోను రోజ్‌వుడ్డుతోను, నల్లమానుతోను ముత్యపుచిప్పతోను చేసిన గోడ పెట్టె మూసినపుడు మూడడుగులకు కొంచెము మించిన యెత్తును ఒక అడుగున్నరకు కొంచెము మించిన వెడల్పును మాత్రమే కలది. తెఱచినచో సుమారు మున్నూరు పనిముట్లు ఒకదాని వెనుక నొకటి తలుపులవలె తిరుగు పలకలపై కుదురుకొని కనిపించును. ఒక వస్తువును దాని స్థానమున నుంచుట తప్ప మఱియొకచోట నుంచుటకు వీలులేదు. ఒక మనుష్యుని చేతికి, ఒక వృత్తికి, ఒక జీవితమునకు సరిపోవునట్లు కొలిచి చేసిన పెట్టె యది. దానిని మఱియొకడు కొని వాడుకొనుట కాదు, ఊహించుకొనుట కూడ కష్టము.

స్టడ్లీ తన ముత్యపుచిప్పలను పొదుగుకొనుటకు చాల పూర్వమే, ఆతని లోకమును తుడిచివేయు శక్తి ఇంగ్లండులోని యంత్రశాలలలో పెరుగుచుండెను. హెన్రీ మాడ్స్‌లే కర్మశాలలో పని నేర్చిన జోసెఫ్ విట్‌వర్తు, దేశములోని అనేక యంత్రశాలల నుండి మరబోల్టులను సేకరించి చూడగా, ఒకరి బోల్టు మఱియొకరి నట్టులో పట్టనే పట్టదు. ప్రతి శాలయు తన మర తానే కోయుచుండెను. వాని కొలతల నడిమి విలువలను తీసి, మరగీతల కోణము 55 డిగ్రీలుగ నిర్ణయించి, ఏ లావు బోల్టునకు అంగుళమున ఎన్ని మరలుండవలెనో పట్టికగ వ్రాసి, 1841లో లండనులోని సివిలు ఇంజనీర్ల సంస్థ యెదుట ఒక వ్యాసమును చదివెను. ఇరువదిమూడేండ్ల పిమ్మట, 1864లో, ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్లిను సంస్థ యెదుట విలియం సెల్లర్సు కోణము 60 డిగ్రీలుగాను మరశిఖరము చదునుగాను ఉండిన యెడల సామాన్య పనివాడు కూడ కోయగలడని వాదించెను. అమెరికా ఆతని పద్ధతిని చేపట్టినది. బ్రిటను విట్‌వర్తును విడువలేదు. ఈ అయిదు డిగ్రీల భేదము రెండవ ప్రపంచయుద్ధమున మిత్రరాజ్యముల యుద్ధసామగ్రికి ఎంతటి చిక్కు తెచ్చెననగా, 1948లో అమెరికా, బ్రిటను, కెనడా ప్రతినిధులు వాషింగ్టనునందు సమావేశమై ఒక ఉమ్మడి మరను ఒప్పుకొనవలసి వచ్చినది.

విట్‌వర్తు పానాలకు మఱియొక విచిత్రము కలదు. పానాపై చెక్కిన అంకె నట్టు తల వెడల్పు కాదు, ఆ నట్టు ఎక్కు బోల్టు లావు. కావున పావు అంగుళమని చెక్కిన పానా నోరు నిజమునకు అర అంగుళము కంటెను పెద్దది. పైగా ఒకే పానాపై విట్‌వర్తుకు ఒక అంకెయు, సన్నమర బోల్టునకు మఱియొక అంకెయు నుండును. కొలబద్దతో కొలిచి పానా తీయబోవు తెలివిగలవాడు ఇచ్చట తప్పక మోసపోవును. అంకెలను నమ్మక నట్టును చూచిన వెంటనే పానాను తీయగలవాడే పనివాడు.

1908 అక్టోబరు 1వ తేదీన ఫోర్డు సంస్థ విడుదల చేసిన మోడల్ టి కారు 1927 వరకు కోటి యేబది లక్షలకు పైగా తయారైనది. ఆ కారు పల్లెరోడ్లపై తిరుగునది. సమీపమున మరమ్మతుశాల లేదు. కావున యజమాని తానే కవాటములను నూరుకొనవలెను, ఇంజనులో చేరిన మసిని గీకవలెను, గేరుపెట్టెలోని పట్టీలు వదులైనపుడు బిగించుకొనవలెను. అందుకై కారుతోడనే కొన్ని పానాలు, ఒక పట్టకారు, ఒక స్క్రూడ్రైవరు చుట్టి యిచ్చుచుండిరి. ఇంటి గరాజు పనిముట్ల చరిత్రకు నేను ఆ చిన్న చుట్టనే మూలముగ భావింతును: వృత్తి యేమియు లేని మనుష్యుడు, తాను చేయని యంత్రమునకై, ఇతరులు నిర్ణయించిన పానాలను తన యింట నుంచుకొనుట అప్పటినుండియే సామాన్య విషయమైనది.

కారు నుంచుటకు ఇల్లు కూడ అప్పుడే మారసాగెను. తొలుత కారును గుఱ్ఱపుసాలలో నుంచిరి. పెట్రోలు మంటకు భయపడి ఇంటికి దూరముగ ప్రత్యేకమైన కొట్టములు కట్టిరి. సియర్సు వంటి వర్తకసంస్థలు విడిభాగములుగ కోసిన గరాజులను తపాలాద్వారా అమ్మినవి. రెండవ యుద్ధము ముగిసి శివారు పట్టణములు వెలసిన పిమ్మట గరాజు ఇంటికి అంటుకొనిపోయినది. పిమ్మట కారునకు స్థలము చాలక, మిగిలిన సామాను దానిని ఆక్రమించినది. హ్యూలెట్టు, పాకార్డు అను ఇరువురు యువకులు 538 డాలర్ల మూలధనముతో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో పట్టణమున 1938–39లో ఒక అద్దె గరాజులో తమ పరికరములను చేయ మొదలిడిరి. ఆ మూలధనములో పాత డ్రిల్లుయంత్ర మొకటి భాగము. గరాజులో కారు లేకపోయినను పనిముట్లు మాత్రముండిన దేశమే మారవచ్చునను గాథకు అమెరికనులు నేటికిని ఆ చిన్న కొట్టమునే సాక్ష్యముగ చూపుదురు.

పెట్టెలోనికి వచ్చిన పెనుమార్పు 1920లో మిల్వాకీ నగరమున జరిగినది. అంతవరకు సామాన్యముగ ప్రతి సాకెట్టునకును దాని పిడి దానికి విడదీయరానిది. యేబది కొలతలకు యేబది పానాలు కావలెను. జోసెఫ్ జాన్సను పది సాకెట్లను అయిదు పిడులకు మార్చి మార్చి తగిలించు పద్ధతిని కనిపెట్టి, స్నాప్-ఆన్ అను పేర సంస్థను స్థాపించెను. లెక్క సులభము: అయిదును పదిని గుణించిన యేబది. దీనికి ముందే, 1890ల ఆరంభమున, స్వీడనులో యోహాన్ పెట్టర్ యోహాన్సను మర త్రిప్పిన కొలది నోరు పెద్దదియు చిన్నదియు నగు పానాకు పేటెంటు పొందియుండెను. ఆ జరుగు పానా అన్ని నట్లకును పట్టును గాని, దేనికిని గట్టిగా పట్టదు. తొందరలో దానిని వాడి ఎన్ని నట్ల మూలలు గుండ్రమైనవో చెప్పలేము. న్యూయార్కు నగరపు నీటిసరఫరా శాఖలో పనిచేయుచుండిన కాన్రాడ్ బార్ 1918లో, గొట్టముల బోల్టులన్నియు ఒకే బిగువున నుండుటకై, బిగువును కొలుచు పానాను కల్పించెను. ఇంజను తలను బిగించునపుడు నేడు దానికి ప్రత్యామ్నాయము లేదు. 1927లో సియర్సు సంస్థ క్రాఫ్ట్స్‌మన్ అను పేరును కొని, విఱిగిన పానాకు క్రొత్త పానా నిత్తుమని వాగ్దానము చేసి గృహస్థుల గరాజులలోనికి ప్రవేశించినది.

ఇక పెట్టె సంగతి. ఒహాయో రాష్ట్రపు డేటనులో 1906 నుండి హారీ గెర్స్టనరు చేసిన ఓకు పెట్టెలు, పలుచని సొరుగులతోను ఆకుపచ్చ ఫెల్టు పఱచిన అడుగులతోను, యంత్రశాలల పనివారికి ఆభరణములు. అదే రాష్ట్రపు వాన్ వర్టు పట్టణమున 1911లో వెలసిన కెనడీ సంస్థ ఆ ఆకృతినే ఇనుపరేకున దించి, గోధుమవర్ణపు గరుకు రంగును పూసినది. కఱ్ఱ తేమకు ఉబ్బును. రేకు ఉబ్బదు, కాని మ్రోగును. మెకానికులు చక్రముల పెట్టెలను కొని, తమ పనిముట్లను తామే సంపాదించుకొనవలసినవారైరి. యజమాని షెడ్డు నిచ్చును, పానాల నీయడు. ఈ ఆచారము అమెరికాలో నేటికిని కలదు, అప్పులతో కూడి.

ఇట్లు అంగుళపు లోకమొకటి స్థిరపడుచుండగా 1970లలో దానికి గండి పడినది. జపాను, జర్మనీ కార్లు అమెరికాలో విరివిగ దిగినవి. అక్కడి పెద్ద కార్ల సంస్థలును మీటరు పద్ధతికి మరలినవి. అర అంగుళమనగా 12.7 మిల్లీమీటర్లు, 13 మిల్లీమీటర్ల నట్టునకు అర అంగుళపు పానా పట్టదు, అర అంగుళపు నట్టునకు 13 పానా పట్టినట్లే పట్టి మూలలను కొఱికివేయును. ముప్పాతిక అంగుళమును 19 మిల్లీమీటర్లును మాత్రము ఇంచుమించు సమములు గనుక అక్కడ అపాయము లేదు. తత్ఫలితముగ ప్రతి గరాజులోను పానాలు రెండు కులములైనవి. జపాను కార్లలో ఆరు మిల్లీమీటర్ల బోల్టు తల 10. ఎనిమిదికి 12, పదికి 14. జర్మను కార్లలో ఆ రెంటికి 13, 17. లోకమందలి మెకానికులందఱు నవ్వుకొను 10 సాకెట్టు మాయమగుట యను హాస్యమునకు కారణమిదియే: ఆ ఒక్క కొలతయే రోజంతయు చేతిలో తిరుగును, కావున ఇంజను మూలలలో పడిపోవునదియు అదే.

మన దేశమున ఈ చరిత్రమంతయు ఒక్క తరములో జరిగినది. మోరిసు ఆక్స్‌ఫర్డు నమూనాపై కలకత్తా సమీపమున ఉత్తర్‌పాడాలో తయారైన అంబాసిడరుకు అంగుళపు పానాలు. 1955 నుండి మద్రాసులో తయారైన బుల్లెట్టుకు బ్రిటిషు కొలతలు. 1983 డిసెంబరున వచ్చిన మారుతికి జపాను మిల్లీమీటర్లు. ఒకే షెడ్డు మెకానికు మూడు లోకముల పానాలను ఒకే నూనెడబ్బాలో వేసికొనెను. 1969లో ఒక స్వీడను సంస్థ సహకారముతో నాసికులో మొదలైన టపారియా వంటి సంస్థల పానాలను మన బజారులలో 6-7, 8-9, 10-11, 12-13, 14-15, 16-17, 18-19, 20-22 అను జంటలుగ అమ్ముదురు. మారుతికి కావలసినవి 10, 12, 14, 17. అనగా కొన్న వానిలో ముప్పాతిక వంతు నోళ్లు ఉపవాసముండును. “పది పదకొండు తేరా” అని కారు క్రిందినుండి కేక వినబడగానే చీకటిలో తడవి ఆ పానానే అందియ్యగలిగిన కుఱ్ఱవాడు పనిలో సగము నేర్చినవాడేయని పెద్ద మేస్త్రీలు అందురు. మా ప్రాంతపు షెడ్డులలో సెట్టు కొనినవారు తక్కువ; అవసరము పడిన కొలతను అవసరమైన రోజున కొని, ఏండ్ల మీద పెట్టెను నింపుకొనినవారే ఎక్కువ.

డాలసులోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొనిన తెలుగువారు మొదటి దసరాకు కారునకు పూజ చేసి చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టినను, గరాజు గోడ బోసిగ నుండుట చూచి అంగడికి పోవుదురు. అచ్చట రెండువందల ముక్కల సెట్లు వరుసగ నుండును. ఆ ముక్కల లెక్క నమ్మదగినది కాదు; స్క్రూడ్రైవరు మొనలను ఒక్కొక్కటిగ లెక్కించి సంఖ్యను పెంచుదురు. నన్నడిగినచో, 8 నుండి 19 వరకు ఆరుమూలల సాకెట్లు, రెండు పిడులు, ఒక పొడవాటి కడ్డీ, పట్టకారు, సుత్తి, రెండు స్క్రూడ్రైవర్లు, బిగువు కొలుచు పానా ముందు కొని, పెట్టెను తరువాత కొనవలెనందును. పన్నెండుమూలల సాకెట్టు త్వరగా పట్టును గాని తుప్పు పట్టిన నట్టు మీద జారును. ఆరుమూలలది చదునులను అదిమి పట్టును. లోతైన ఒకే అర గల పెట్టె చవకగ వచ్చును. అందు కావలసిన వస్తువు ఎల్లప్పుడు అడుగుననే యుండును. పలుచని సొరుగులు నాలుగున్న పెట్టెకు వెల ఎక్కువ. సీటను కాలపు జరుగుసొరుగుల కుటుంబమున కది చేరినది.

ఇటీవల పెట్టెలోనికి పానా కాని పనిముట్టొకటి వచ్చినది. 1996 నుండి అమెరికాలో అమ్ముడగు కార్లన్నిటికి స్టీరింగు క్రింద ఒకే ఆకృతిగల పదునాఱు సూదుల తొట్టి యుండవలెనను నియమముచే, అందు తగిలించి ఇంజను తప్పిదమును అంకెగ చదువు చిన్న యంత్రము ఇంటింట చేరినది. అయితే ఆ తొట్టినుండి సమాచారము ఎవరు చదువవచ్చును, ఎంతవరకు చదువవచ్చును అనునది కారు చేసినవాని చేతిలో నుండుటచే, స్టడ్లీ రాష్ట్రమైన మసాచుసెట్సు ఓటర్లు 2012లో మరమ్మతు హక్కు చట్టమును ఆమోదించి, విక్రేతల షెడ్డుల కిచ్చు సమాచారమునే బయటి షెడ్డులకును యజమానులకును ఈయవలెనని నిర్బంధించిరి. 2020లో అదే రాష్ట్రము గాలిలో పంపబడు సమాచారమునకు సైతము ఆ హక్కును విస్తరింపజేసినది. కార్ల సంస్థలు న్యాయస్థానమునకు పోయినవి.